మన పేర్లు – వాటి అర్థములు: ఎస్తేరు

మా నార్సింగి ప్రాంతములోని సంఘములలో ఎస్తేరు, ఎస్తేరమ్మ అను పేర్లు వినబడుచునే యుండును. ఇది హెబ్రీ పేరని చాలామంది అనుకొందురు. కాని ఎస్తేరు గ్రంథము 2:7 చూడుడి. ఆమెకు హదస్సా అను మరియొక పేరు కలదు. హెబ్రీ పేరు అదే. గొంజిచెట్టు అని దాని అర్థము. ఎస్తేరు అనునది పారసీక రాజ్యములో ఆమెను పిలిచిన పేరు.

పండితులలో అనేకులు ఈ పేరును నక్షత్రము అను అర్థమిచ్చు పారసీక మాటతో కలుపుదురు. కొందరు మాత్రము బబులోనువారి దేవత ఇష్తారు పేరునుండి వచ్చినదందురు. మొదటి మాట మనకు దూరపుది కాదు. మన ప్రక్కనున్న గోల్కొండలో కుతుబ్‌షాహీల కాలమున (1518–1687) దర్బారులో పారసీకము వాడిరి. సర్కారు, బజారు, దర్వాజా, మనము నిత్యము పలుకు "రోజు" కూడ ఆ భాషవే. ఉర్దూలో చుక్కను సితారా అందురు. అదియు పారసీక మాటే. మన "తార" దానికి చుట్టము.

ఇక రెండు పేర్ల సంగతి. మన ఇండ్లలో అనేకులకు బడి రిజిస్టరులో ఒక పేరు, సంఘపు రిజిస్టరులో ఒక పేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. సర్టిఫికెటు పోవునను భయముతో బాప్తిస్మపు పేరును దాచుకొను కుటుంబములు కలవు. వారిని మేము తీర్పు తీర్చము. మొర్దెకై చెప్పినందున ఎస్తేరు కూడ తన జనమును తెలుపలేదు (2:10). అయితే హామాను కుట్రవలన తన వారికి చావు వచ్చినప్పుడు, రాజు ఎదుట తన జనము కొరకు ప్రాణము బ్రతిమాలుకొనెను (7:3-4). పరదేశపు పేరు ఆమె నోరు మూయలేదు.

హెబ్రీ మూలములో ఈ గ్రంథమందు దేవుని పేరు ఒక్కసారియైనను లేదు. ఆయన కాపుదల మాత్రము మొదటినుండి చివరివరకు కనబడుచున్నది.

తల్లులారా, మీ ఇంట ఎస్తేరు ఉన్నయెడల ఆమెకు హదస్సా సంగతి, చుక్క సంగతి చెప్పుడి. కంపెనీలలో పనికి వెళ్లు మన ఆడపిల్లలు ఇది పాతకాలపు పేరని సిగ్గుపడనక్కరలేదు. కాగితములో ఏ పేరున్నను, తాను ఎవరి బిడ్డయో ఆమెకు తెలిసియుండవలెను.