సింగరేణి ప్రాంతంలో పెరటి కోళ్లు: పిల్ల ధర కంటే తొలి ఆరు వారాలే కీలకం

గోదావరిఖని: బొగ్గు గనులకు, విద్యుదుత్పత్తికి పేరొందిన పెద్దపల్లి జిల్లా రామగుండం పారిశ్రామిక ప్రాంతంలో ఇంటి పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకొనడం కొత్త విషయమేమీ కాదు. గని పనికై చుట్టుపక్కల పల్లెల నుండి తరలివచ్చిన కుటుంబాలు ఈ అలవాటును కూడా తమ వెంట కార్మిక కాలనీలకు తెచ్చుకున్నవి. అయితే ఇటీవలి సంవత్సరాలలో ఇది అలవాటు స్థాయిని దాటి కుటుంబ ఆదాయానికి సంబంధించిన అంశంగా మారుతున్నది. 1990వ దశకపు తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న సింగరేణి పర్మినెంట్ కార్మికుల సంఖ్య యాంత్రీకరణ, ఓపెన్‌కాస్ట్ గనుల విస్తరణ ఫలితంగా నేడు దాదాపు 40 వేల స్థాయికి తగ్గినది. పదవీ విరమణ పొందిన కార్మికులు, తక్కువ వేతనంపై పనిచేసే కాంట్రాక్టు కార్మికులు, ఇంటి వద్దనే ఉండి ఎంతో కొంత సంపాదించగోరే మహిళలు స్వల్ప పెట్టుబడితో చేపట్టదగిన ఉపాధులలో పెరటి కోళ్ల పెంపకం ఒకటి.

దేశవ్యాప్త గణాంకాలు కూడా ఈ ధోరణినే సూచిస్తున్నవి. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో కోళ్ల సంఖ్య 85 కోట్ల 18 లక్షలు కాగా, అందులో పెరటి కోళ్లు 31 కోట్ల 70 లక్షలు. అంతకు ముందరి గణనతో పోల్చినప్పుడు వాణిజ్య ఫారాలలోని కోళ్ల సంఖ్య 4.5 శాతం మాత్రమే పెరుగగా, పెరటి కోళ్ల సంఖ్య దాదాపు 46 శాతం పెరిగినది. సుమారు 8 కోట్ల కోళ్లతో తెలంగాణ రాష్ట్రం తమిళనాడు, ఆంధ్రప్రదేశ్‌ల తరువాత మూడవ స్థానంలో నిలిచినది.

కోళ్ల పెంపకానికి పూనుకొనే సామాన్య కుటుంబం మొదట వేసే ప్రశ్న 'పిల్ల ఎంతకు దొరుకుతుంది?' అని. నిజానికి ఖర్చు లెక్కలో పిల్ల ధర చిన్న అంశం. వనరాజా వంటి రకపు పిల్ల ఆరు వారాల వయసు వచ్చే సరికి సుమారు ఒకటిన్నర కిలోల దాణా తింటుంది. ఆ దాణా విలువ పిల్ల కొనుగోలు ధరను మించిపోతుంది. ఒక కుటుంబం 20 పిల్లలను కొన్నదనుకుంటే దాణాయే 30 కిలోలు కావలెను. నెల తిరిగే సరికి వాటిలో పది చనిపోయినచో మిగిలిన ఒక్కో పిల్లపై పడే కొనుగోలు ధర రెట్టింపవుతుంది. చనిపోయిన పిల్లలు అప్పటికే తిన్న దాణా కూడా ఆ పదింటి ఖాతాలోనే చేరుతుంది. పైగా ఒక రోజు వయసు పిల్లలను సాధారణంగా ఆడ, మగ వేరు చేయకుండానే విక్రయిస్తారు గనుక, బతికిన పదింటిలో పెట్టలు ఐదారుకు మించవు. అందుచేత తక్కువ ఖర్చుతో పెంపకం అంటే తక్కువ ధరకు పిల్లలను కొనడం కాదు, కొన్న పిల్లలను ఎక్కువగా బతికించుకొనడం.

వీధుల్లో మోటారు సైకిళ్లపై తెచ్చి అమ్మే రంగు పిల్లల విషయంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు అద్ది పిల్లలను ఆకర్షించే ఈ కోడిపిల్లలు చాలా వరకు గుడ్ల కోళ్ల హ్యాచరీలలో వేరు చేసిన మగ పిల్లలు. ఇవి గుడ్లు పెట్టవు, మాంసానికి వేగంగా ఎదగవు, అధిక శాతం టీకాలు లేనివే. ఆటవస్తువుగా కొన్న ఇంటికి నష్టం స్వల్పమే కావచ్చును. ఉపాధి కొరకు కొన్న ఇంటికి మాత్రం ఇది చేదు అనుభవం. ఆ తరువాత ఆ కుటుంబం మంచి రకపు పిల్లలనిచ్చినా నమ్మదు.

మేలైన రకాలు రాష్ట్రంలోనే రూపొందినవి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలు, అక్కడి పశువైద్య కళాశాల రూపొందించిన రాజశ్రీ రకం పెరటి పెంపకానికి ఉద్దేశింపబడినవి. నాటు కోడి ఏడాదికి 50 నుండి 70 గుడ్లు పెట్టగా, పెరటి పరిస్థితులలో వనరాజా 100 నుండి 110, గ్రామప్రియ 160 నుండి 180 గుడ్ల వరకు ఇవ్వగలవు. ఒక వ్యక్తికి ఏడాదికి 180 గుడ్లు అవసరమని జాతీయ పోషకాహార సంస్థ సూచించినది. ఈ లెక్కన నలుగురు సభ్యుల కుటుంబానికి 720 గుడ్లు కావలెను. పది గ్రామప్రియ పెట్టలు సక్రమంగా పెరిగినచో 1,600 గుడ్లు వస్తాయి. ఇంటి అవసరం తీరి 880 గుడ్లు అమ్మకానికి మిగులుతాయి.

కాగా ఈ రకాలకు పరిమితులున్నవి. వీటిలో పొదిగే గుణం చాలా తక్కువ. పిల్లలను చేయించదలచిన వారు నాటు పెట్ట కింద 10 లేక 12 గుడ్లు పెట్టి 21 రోజులు పొదిగించవలెను. అలా పుట్టిన పిల్లలు తల్లి రకంతో సమానంగా గుడ్లు పెట్టవు. అందుచేత ప్రతి విడతకు కొత్త పిల్లల కొరకు హ్యాచరీపై ఆధారపడక తప్పదు. బరువెక్కిన వనరాజా పుంజు కుక్కకు, ముంగిసకు సులభంగా చిక్కుతుంది. నాటు కోడి మాత్రం ఎగిరి గోడెక్కి ప్రాణం కాపాడుకుంటుంది. ఒకటి రెండు నాటు పెట్టలను కూడా మందలో ఉంచుకొనడమే వివేకం.

ఇక గోదావరిఖని ప్రాంతానికి ప్రత్యేకమైన అంశం వేడి. మొదటి వారంలో కోడిపిల్లకు దాదాపు 35 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం అవసరం. ఆ తరువాత వారానికి సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవలెను. రామగుండంలో మే నెల పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల షెడ్డులో అది మరింత ఎక్కువ. ఆ రోజులలో పిల్లలకు కావలసినది నీడ, చల్లని నీరు, గాలి. డిసెంబరు, జనవరి రాత్రులలో పరిస్థితి పూర్తిగా భిన్నం. అప్పుడు రాత్రంతా వెచ్చదనం లేకపోతే పిల్లలు ఒకదానిపై ఒకటి గుమిగూడి ఊపిరాడక చనిపోతాయి. పిల్లలు బల్బు కింద గుమిగూడినచో వేడి చాలడం లేదని, దూరంగా జరిగి ముక్కులు తెరచి రొప్పినచో వేడి ఎక్కువైనదని గ్రహించవలెను. అంతటా సమంగా పరచుకొని తిరుగుతుంటే చాలు, థర్మామీటర్ అవసరం లేదు.

బల్బు విషయంలో ఒక చిక్కు వచ్చినది. పాత తరహా ఫిలమెంట్ బల్బు వెలుగుతో పాటు వేడినిచ్చేది. దాని స్థానంలో వచ్చిన ఎల్ఈడీ బల్బు వెలుగునిస్తుంది గాని పిల్లలకు చాలినంత వేడినివ్వదు. ఎల్ఈడీ బల్బు వేలాడదీసి పిల్లలకు ఏర్పాటు చేశామని భావించడం పొరపాటు. 60 లేక 100 వాట్ల ఫిలమెంట్ బల్బు కొని పెట్టుకున్న తరువాతనే పిల్లలను ఇంటికి తేవలెను.

బల్బుకు బదులు బొగ్గు కుంపటి పెట్టి గది తలుపులు మూయడం మరింత ప్రమాదకరం. బొగ్గు సులభంగా లభించే ప్రాంతం కావడం వలన ఈ విషయాన్ని ప్రత్యేకంగా ప్రస్తావించవలసి వస్తున్నది. గాలి ఆడని గదిలో మండే బొగ్గు నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కోడిపిల్లలకే గాక అదే ఇంట్లో నిద్రించే మనుషులకు కూడా అది ప్రాణాంతకం. ఈ వాయువు సంగతి గని కార్మికులకు తెలియనిది కాదు. దానిని పసిగట్టడానికి బ్రిటన్ గనులలో 1986 వరకు పంజరంలోని కానరీ పక్షులను వెంట తీసుకొని వెళ్లేవారు. మనిషి కంటే ముందు పక్షి సొమ్మసిల్లేది. గనిలో పాటించే ఈ జాగ్రత్త ఇంటి వసారాలో మరువరాదు.

పిల్లలు చనిపోవడానికి ప్రధాన కారణం కొక్కెర తెగులు. 1927లో నేటి ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్ వద్ద గుర్తించినందున దీనికి రాణీఖేత్ వ్యాధి అని పేరు వచ్చినది. టీకా లేని మందలో ప్రవేశించినచో దాదాపు అన్నింటినీ తుడిచిపెట్టగలదు. మందు లేదు, టీకా ఒక్కటే మార్గం. 5 నుండి 7వ రోజులోపు లసోటా టీకాను కంటిలో చుక్కగా, 14వ రోజున గంబోరో టీకాను, 28వ రోజున మళ్లీ లసోటాను, ఆరు నుండి ఎనిమిది వారాల మధ్య ఆర్2బి టీకాను వేయించవలెను. మారెక్స్ టీకా హ్యాచరీలోనే మొదటి రోజున వేస్తారు. అది వేసినదీ లేనిదీ పిల్లలను కొనే ముందే అడిగి తెలుసుకోవలెను.

ఇంతవరకు తెలిసిన విషయమే. ఆచరణలో ఎదురయ్యే అడ్డంకి వేరొకటి. కోళ్ల టీకాలు సాధారణంగా 100 డోసులు, అంతకు మించిన సీసాలలో లభిస్తాయి. మంచుతో చల్లగా తీసుకొని రావలెను. ఒకసారి కలిపిన తరువాత ఒకటి రెండు గంటలలో వాడి వేయవలెను, మిగిలినది పారవేయవలసినదే. వెయ్యి కోళ్ల ఫారానికి ఈ ఏర్పాటు అనుకూలం. పది పిల్లలున్న ఇల్లాలు 90 డోసులను పారబోయుటకు సీసా కొనదు. టీకా లేకుండానే పెంచుతుంది, తెగులు వచ్చిన నాడు మొత్తం పోగొట్టుకుంటుంది. ఈ వైఫల్యాన్ని 'అవగాహన లోపం'గా పేర్కొనడం పరిపాటి. వాస్తవానికి ఇది సీసా పరిమాణానికి, ఇంటి మందకు మధ్య గల పొంతన లోపం. అవగాహన సదస్సులతో ఇది తీరేది కాదు.

దీనికి పరిష్కారం కష్టసాధ్యమైనది కాదు. ఒక కాలనీలోని పది, పదిహేను కుటుంబాలు ఒకే వారంలో, ఒకే వయసు పిల్లలను తెచ్చుకొని, ఒకే రోజున టీకా వేయించుకొన్నచో ఒక్క సీసా అందరికీ సరిపోతుంది. 8-ఇంక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీ వంటి చోట్ల ఇళ్లు దగ్గర దగ్గరగా ఉండడం ఇందుకు అనుకూలించే అంశం. మహిళా సంఘాలకు సమావేశపు రోజు ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ రోజుననే టీకా దినం జరిపినచో వేరే ప్రచారం అవసరం ఉండదు. కాలనీల వారీగా టీకా తేదీల పట్టికను ప్రకటించడం పశుసంవర్ధక శాఖ స్థానిక అధికారులు పరిశీలించదగినది.

రెండవ మార్గం ఒక రోజు పిల్లలకు బదులు నాలుగు నుండి ఆరు వారాలు పెరిగిన పిల్లలను అందజేయడం. 2009-10 ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వం చేపట్టిన గ్రామీణ పెరటి కోళ్ల అభివృద్ధి పథకం ఈ సూత్రంపైనే రూపొందినది. నాలుగు వారాల వయసు గల 45 పిల్లలను ఒక్కో పేద కుటుంబానికి విడతల వారీగా ఇవ్వడం, వాటిని అప్పటి వరకు మదర్ యూనిట్లలో పెంచడం అందులోని ఏర్పాటు. 2021లో పునర్వ్యవస్థీకరించిన జాతీయ పశుసంపద మిషన్ కింద వెయ్యి మాతృకోళ్ల ఫారం, హ్యాచరీ, మదర్ యూనిట్ కలిపి నెలకొల్పే వారికి 50 శాతం, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల మూలధన రాయితీ లభిస్తున్నది. పెరిగిన పిల్ల ధర ఎక్కువే. అయితే గుమిగూడి చనిపోయే దశను, మొదటి టీకాల దశను అది దాటి వస్తుంది. కొత్తగా పెంపకం మొదలుపెట్టే కుటుంబానికి ఒక రోజు వయసు పిల్లలు 20 కొనడం కంటే ఆరు వారాల పెట్టలు ఐదు కొనడం లాభదాయకం.

ఇక్కడ పరిపాలనాపరమైన ఒక ఖాళీ కూడా కనిపిస్తున్నది. పై పథకాలు గ్రామీణ కుటుంబాలను దృష్టిలో ఉంచుకొని రూపొందినవి. రామగుండం నగరపాలక సంస్థ. గని కాలనీలో నివసించే కాంట్రాక్టు కార్మికుని కుటుంబం జీవన విధానంలో పల్లెకు, చిరునామాలో పట్టణానికి చెందుతుంది. రామగిరి, కమాన్‌పూర్, అంతర్గాం, పాలకుర్తి మండలాల గ్రామాలకు అందే సదుపాయం కొద్ది కిలోమీటర్ల దూరంలోని కార్మికవాడకు అందదు. శిక్షణ విషయంలో రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రం దగ్గరలోనే ఉన్నది. కాలనీ మహిళలకు స్వయం ఉపాధి శిక్షణనిచ్చే సింగరేణి సేవా సమితి ఉన్నది. ఈ రెండింటిని ఒకచోటికి చేర్చినచో ఈ ఖాళీ కొంత పూడుతుంది.

పల్లె లెక్కను యథాతథంగా కాలనీకి అన్వయించరాదు. పల్లెలో కోడి గింజలు, పురుగులు, చెదలు, ఆకులు ఏరుకొని తింటుంది, యజమాని రోజుకు 40, 50 గ్రాముల నూకలో మొక్కజొన్నో వేసినచో సరిపోతుంది. సిమెంటు వాకిలి గల క్వార్టర్‌లో ఏరుకొనడానికి ఏమీ ఉండదు. అక్కడ ఒక్కో కోడికి 100 గ్రాములకు పైగా దాణా వేయక తప్పదు. పది కోళ్లకు రోజుకు కిలో, నెలకు 30 కిలోలు. పల్లెలో ఇందులో సగంతో సరిపోతుంది. క్వార్టర్‌లో ఐదారు పెట్టలకు మించి పెంచడం ఆర్థికంగా గిట్టదు. పుంజు లేకున్నా పెట్టలు గుడ్లు పెడతాయి గనుక, రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రించే ఇరుగుపొరుగు కార్మికులకు పుంజు కూతతో ఇబ్బంది కలిగించవలసిన పని కూడా లేదు. గుడ్లు పెట్టే దశలో దాణాతో పాటు గుల్ల పొడి లేక సున్నపురాయి పొడి ఇవ్వకపోతే పెంకు పలుచబడి గుడ్లు పగులుతాయి.

పిల్లలను ఎప్పుడు తేవలెనన్న ప్రశ్నకు ఈ ప్రాంత వాతావరణాన్ని బట్టి ఆగస్టు చివర నుండి అక్టోబరు వరకు అనువైన కాలమని చెప్పవచ్చును. రాత్రులు ఇంకా చల్లబడవు, బల్బు ఖర్చు తగ్గుతుంది. వానల్లో ఊక పరుపు తడిసినచో రక్తపారుడు వ్యాధి సోకుతుంది గనుక దానిని తరచుగా తిరగేసి పొడిగా ఉంచవలెను. వేసవి నాటికి కోళ్లు పూర్తిగా ఎదిగి ఉంటాయి. ఐదున్నర నెలలకు, అంటే ఫిబ్రవరి, మార్చి మాసాలలో మొదటి గుడ్లు వస్తాయి.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు తెలంగాణ సరిహద్దులలో కోళ్ల వాహనాలను నిలిపివేసిన సంగతి విదితమే. అటువంటి సమయాలలో పెద్ద ఫారాలపై నిఘా సులభం, ఇంటింటా ఉన్న ఐదారు కోళ్లపై కష్టం. ఒకేసారి పలు కోళ్లు కారణం తెలియకుండా చనిపోయినచో వాటిని కోయడం, కాలువలో పారవేయడం చేయక, వట్టి చేతులతో తాకక వెంటనే సమీప పశువైద్యశాలకు తెలియజేయవలెను. కొత్తగా తెచ్చిన పిల్లలను మూడు వారాల పాటు పాత మందకు దూరంగా ఉంచవలెను.