రెండూ దీవులే.. సముద్రం పెరిగితే న్యూజిలాండ్‌కు కొండలున్నాయి, తువాలుకు ఏముంది?

పసిఫిక్ మహాసముద్రంలో తువాలు అని ఓ బుల్లి దేశం. జనాభా సుమారు 11 వేలు. మన దగ్గర ఓ పెద్ద పంచాయతీ అంత. 2025 జూన్, జులై నెలల్లో ఆ దేశస్తుల కోసం ఆస్ట్రేలియా వీసా లాటరీ పెట్టింది. కుటుంబ సభ్యులతో కలిపి 8,750 మంది పేర్లు నమోదయ్యాయి. అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో నలుగురు! వీసాలు ఇచ్చేది మాత్రం ఏడాదికి 280 మందికే.

అదే పసిఫిక్‌లో బాగా దక్షిణానికి వెళితే న్యూజిలాండ్ వస్తుంది. అదీ దీవుల దేశమే. అక్కడి వాళ్లూ ఉద్యోగాల కోసం ఆస్ట్రేలియా వెళ్తుంటారు. కానీ తమ దేశమే ఉండదేమో అన్న భయంతో కాదు. సముద్ర మట్టం రెండు చోట్లా పెరుగుతోంది. మరి భయం ఒక్కచోటే ఎందుకు?

ఇంతకీ ఎక్కడున్నాయి?

తువాలు భూమధ్యరేఖకు దక్షిణంగా 5 నుంచి 11 డిగ్రీల మధ్య ఉంది. పక్కా ఉష్ణమండలం. రాజధాని ఫునాఫుటిలో ఏడాదంతా సగటున 28 డిగ్రీలే. బాగా వేడిగా ఉండే నెలకు, చల్లగా ఉండే నెలకు మధ్య ఒక్క డిగ్రీ తేడా కూడా ఉండదు. చలికాలం అన్న మాటే లేదు.

న్యూజిలాండ్ ప్రధాన దీవులు 34 నుంచి 47 డిగ్రీల మధ్య ఉన్నాయి. ఇది సమశీతోష్ణ మండలం. రాజధాని వెల్లింగ్టన్‌లో జనవరిలో సగటు 17 డిగ్రీలుంటే, జులైలో 9కి పడిపోతుంది. పడమటి నుంచి వచ్చే గాలులు ఏడాది పొడవునా వీస్తూనే ఉంటాయి. కొండల మీద మంచు, హిమానీనదాలు కూడా ఉన్నాయి.

ఒకటి రాయి.. ఇంకోటి పగడం

అసలు తేడా నేలలోనే ఉంది. న్యూజిలాండ్ మునిగిపోయిన ఓ ఖండంలో నీటిపైకి మిగిలిన భాగం. రెండు భూఫలకాలు ఢీకొనే చోట ఉండటంతో అక్కడ కొండలు లేచాయి. అన్నింటికంటే ఎత్తైన అయోరాకి-మౌంట్ కుక్ శిఖరం 3,724 మీటర్లు.

తువాలులో కొండ కాదు కదా, గుట్ట కూడా కనిపించదు. మొత్తం నేల 26 చదరపు కిలోమీటర్లే. అత్యంత ఎత్తైన చోటు కూడా సముద్రానికి 5 మీటర్లు దాటదు. చాలా వరకు 2 మీటర్ల ఎత్తే. పాత అగ్నిపర్వతాలు నెమ్మదిగా కుంగిపోతుంటే, వాటి అంచుల మీద పగడాలు పెరుగుతూ వచ్చాయి. అలా ఉంగరంలా ఏర్పడిన దీవులివి. 1896-98 మధ్య లండన్ రాయల్ సొసైటీ ఫునాఫుటిలో 340 మీటర్ల లోతు దాకా తవ్వించింది. అడుగు దాకా వచ్చిందల్లా పగడపు సున్నపురాయే. అగ్నిపర్వతం రాయి తగల్లేదు.

అంటే తువాలు నేలను తయారుచేసింది ప్రాణులే. పగడాలు బతికుంటేనే కొత్త ఇసుక, కొత్త గులకరాళ్లు వస్తాయి. అవి చచ్చిపోతే దీవికి ముడిసరుకు ఆగిపోతుంది.

వాన దంచికొట్టినా దాహమే

ఇంకో విచిత్రం చూడండి. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఫునాఫుటిలో 3,000 పైనే! అయినా అక్కడ నది లేదు, వాగు లేదు. పడిన నీళ్లు పగడపు నేలలోంచి జారిపోతాయి. కింద ఉప్పునీటి మీద పలుచటి పొరలా కొంత మంచినీరు తేలుతూ ఉంటుంది. సముద్రం పొంగితే అది కూడా ఉప్పగా మారుతుంది. గుంతలు తవ్వి పెంచుకునే పులాకా దుంపలు, మన చేమదుంపల్లాంటివి, ఆ ఉప్పుకే పాడవుతున్నాయి. అందుకే జనం పైకప్పు మీద పడే వాన నీటిని ట్యాంకుల్లో పట్టుకుంటారు. 2011లో వానలు మొహం చాటేస్తే అక్కడ ఎమర్జెన్సీ పెట్టారు. ఉప్పునీటిని మంచినీరుగా మార్చే యంత్రాలను విమానంలో పంపింది ఎవరో కాదు, న్యూజిలాండే.

న్యూజిలాండ్‌లో వాన లెక్కే వేరు. పడమటి గాలుల్ని దక్షిణ ఆల్ప్స్ కొండలు అడ్డుకుంటాయి. దాంతో పడమర తీరంలోని మిల్ఫోర్డ్ సౌండ్‌లో ఏడాదికి 6,000 మిల్లీమీటర్లు దాటుతుంది. కొండలకు తూర్పున ఉన్న అలెగ్జాండ్రాలో 400 కూడా పడదు. అయినా మంచు కరిగి నదులు పారతాయి. ఆ నీటితో సాగు, కరెంటు రెండూ నడుస్తాయి.

వేడి పెరిగితే ఎవరికేం జరుగుతోంది?

న్యూజిలాండ్‌కు ముప్పు లేదనుకుంటే పొరపాటే. 2023 ఫిబ్రవరిలో గాబ్రియేల్ తుపాను 11 మందిని బలితీసుకుంది. వెల్లింగ్టన్ పరిసరాల్లో నేల మెల్లగా కుంగుతోంది. 1970ల ఆరంభంలో టాస్మన్ హిమానీనదం ముందు సరస్సే లేదు. ఇప్పుడు కిలోమీటర్ల పొడవునా ఉంది. కానీ గాబ్రియేల్ తర్వాత ఏం చేశారు? మళ్లీ మునిగే ప్రమాదమున్న ఇళ్లను ప్రభుత్వం, స్థానిక సంస్థలు కలిసి కొని, జనాన్ని వేరే చోటికి పంపాయి. అదే దేశంలో, అదే జెండా కింద.

తువాలులో వెనక్కి జరిగితే వెనకాల కూడా సముద్రమే. కొన్నిచోట్ల అటు సముద్రం, ఇటు లోపలి మడుగు. మధ్యలో ఒక రోడ్డు, రెండు వరసల ఇళ్లు. అంతే. 2015లో పామ్ తుపాను కేంద్రం వనువాటును తాకింది. తువాలు దాకా రానేలేదు. దాని అలలు మాత్రం ఇక్కడి దీవుల్ని ముంచెత్తాయి.

మరి దీవి పెరిగిందంటారు కదా?

నిజమే. ఆక్లాండ్ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో లెక్క తేల్చారు. 1971 నుంచి 2014 దాకా తువాలు నేల మొత్తంగా 2.9 శాతం పెరిగింది. అలలు ఒకచోట కోసి ఇంకోచోట ఇసుక మేటవేస్తాయి. దీన్ని పట్టుకుని 'మునగడం అంతా ఉత్తిదే' అని సోషల్ మీడియాలో చెప్పేవాళ్లున్నారు. అది సగం నిజమే. ఇసుక మేటవేసినంత మాత్రాన ఊరు ఎత్తు పెరగదు, బావి తియ్యబడదు. పైగా ఆ ఇసుకను ఇచ్చే పగడాలే కష్టాల్లో ఉన్నాయి. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు తెల్లబారుతున్నాయని శాస్త్రవేత్తలు 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు.

అందుకే తువాలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఫునాఫుటిలో మడుగులోని ఇసుక తోడి సుమారు 7 హెక్టార్ల ఎత్తైన కొత్త నేలను తయారుచేసింది. కొండ లేని చోట ఇలా మనిషే మిట్ట కట్టుకోవాల్సి వస్తోంది.

నేల పోతే దేశం పోయినట్టేనా?

ఇక్కడే అసలు పేచీ. తువాలు నేల చిన్నదే కానీ, దానికి హక్కున్న సముద్రం దాదాపు 9 లక్షల చదరపు కిలోమీటర్లు. అక్కడ ట్యూనా చేపలు పట్టుకునే విదేశీ పడవలు కట్టే ఫీజులే ఆ దేశానికి ముఖ్య ఆదాయం. దేశం లేదంటే ఆ సముద్రం ఎవరిది? 2023లో తువాలు తన రాజ్యాంగాన్నే మార్చుకుంది. నేల పోయినా దేశం ఉంటుందని రాసుకుంది. 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం కూడా ఊరటనిచ్చే అభిప్రాయం చెప్పింది. నేల కోల్పోయినంత మాత్రాన దేశ హోదా పోవాల్సిన పనిలేదని పేర్కొంది.

వీసాలిచ్చే ఆస్ట్రేలియా ఒప్పందం కూడా తువాలు దేశ హోదా కొనసాగుతుందని గుర్తించింది. అయితే ఊరికే కాదు. వేరే దేశంతో రక్షణ ఒప్పందం చేసుకోవాలంటే తువాలు ఆస్ట్రేలియాతో మాట్లాడి ఒప్పించుకోవాలి.

మనకేంటి సంబంధం?

మన లక్షద్వీప్ కూడా ఇలాంటి పగడపు దీవులే. మొత్తం నేల 32 చదరపు కిలోమీటర్లు. ఎత్తు కొద్ది మీటర్లే. కవరత్తిలో 2005 నుంచే సముద్రపు నీటిని తాగునీరుగా మారుస్తున్నారు. తేడా ఒక్కటే. లక్షద్వీప్ వాసులకు వెనకాల భారతదేశం ఉంది. వాళ్లు కొచ్చిలో దిగడానికి ఏ లాటరీలోనూ పేరు రావాల్సిన పనిలేదు.

తువాలు వాసికి ఆ అవకాశం లేదు. వాతావరణాన్ని వేడెక్కించిన పొగలో వాళ్ల వాటా లెక్కకు కూడా రానంత తక్కువ. కానీ ఊరు వదలాల్సిన వరుసలో ముందున్నది వాళ్లే. కొండలున్న దేశాలు వీసాలివ్వడం మంచిదే. ఏడాదికి 280 మంది చొప్పున 11 వేల మంది వెళ్లాలంటే దాదాపు 40 ఏళ్లు పడుతుంది. ఆ 40 ఏళ్లూ అక్కడే ఉండేవాళ్లకు తాగునీరు, ఎత్తైన నేల కావాలి. వాటికి డబ్బు ఎవరిస్తారన్నదే ఇప్పుడు తేలాల్సిన విషయం.