బ్యాంకు భవనము – దాని వాకిలి

బ్యాంకు అనఁగానే బలమైన గోడలును ఇనుప తలుపులును మనకు జ్ఞప్తికి వచ్చును. ధనమును కాపాడు భవనము దృఢముగా నుండవలసినదే. కాని యా దృఢత్వ మెచ్చట నుండవలెనో ఆలోచింపవలసి యున్నది.

లండనులోని ఇంగ్లండు బ్యాంకునకు 1788 మొదలు 1833 వఱకు వాస్తుశిల్పిగా నుండిన సర్ జాన్ సోన్ దానిచుట్టును కిటికీలు లేని ప్రాకారమును కట్టించెను. గోడను చూచి బ్యాంకును నమ్మిన కాలమది. నేఁడు మన దేశమున ఆ నమ్మకమునకు వేఱొక యాధారము గలదు. 1962లో డిపాజిట్ల బీమా యేర్పడెను. 2020 నుండి ఒక్కొక్క బ్యాంకులో ఖాతాదారునికి 5 లక్షల రూపాయల వఱకు ఆ రక్షణ గలదు. కావున మందమైన గోడలు ఖజానా గదికి చాలును, వాకిలికి అక్కఱలేదు.

రైతులకుఁ దగిన బ్యాంకును అమెరికాలోని ఓవటోన్నా పట్టణమునఁ జూడవచ్చును. 1908లో లూయీ సల్లివన్ దానిని ఎఱ్ఱని యిటుకలతోఁ గట్టించి, పెద్ద కమానులలో రంగుటద్దముల నమర్చెను. లోపలి గోడలపై పాడియావులును పంటకోతయుఁ జిత్రింపఁబడినవి. లోపల నడుగిడిన రైతునకు అది పరాయి చోటుగాఁ దోఁపదు.

మన జడ్చర్లయు రైతుల పట్టణమే. బాదేపల్లి మార్కెటులో వేరుసెనగయో ప్రత్తియో అమ్మినవాఁడు ఆ సొమ్ముతో బ్యాంకునకే పోవును. అతనికి ఎండవేళ నిలుచుటకు నీడయు, కూర్చుండుటకు బల్లయు, కాలు జారని నేలయుఁ గావలెను. మెఱుగు పెట్టిన రాతిపలకలు చూపున కందమే గాని వానకాలమున ముసలివారిని పడవేయును.

ఒకానొక శాఖ యెదుట పింఛనుకై వచ్చిన వృద్ధురాలు మెట్లెక్కలేక, పాసుపుస్తకమును ఎవరో బాలుని చేతికిచ్చి ఎండలో నిలిచియుండుట మేము చూచితిమి. ఆమె ధనము లోపల భద్రముగనే యుండెను. ఆమె మాత్రము వెలుపల నుండెను. అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవున వాలుబాట యున్నచో ఆమెకా కష్టము లేకపోవును. వికలాంగులకుఁ బ్రవేశము కల్పింపవలెనని 2016 నాఁటి చట్టమును శాసించుచున్నది.

శాఖలు అద్దె భవనములలో నుండుటచే మార్పులు సాధ్యము కావని కొంద ఱందురు. అట్లైనచో అద్దెకుఁ గైకొనునపుడే క్రింది యంతస్తును కోరవచ్చును గదా! మన పెద్దలు త్రోవను పోవువానికై యింటిముందు అరుగు కట్టించిరి. బ్యాంకునకు మాత్రము అరుగేల యుండరాదు?

విద్యార్థులారా! మీలోఁ గొందఱు ఇంజనీర్లును బ్యాంకు ఉద్యోగులును గాఁగలరు. భవనమునకుఁ బటము గీయునాఁడు మొదట వాకిలిని గీయుఁడు. గీయుచు ఆ వృద్ధురాలిని తలఁచుకొనుఁడు.