మూర్ఛకు కులం అంటగట్టేదెవరు?

"దానికి చదువెక్కదులే సార్, వాడ పిల్ల కదా!" మన చిత్తూరు, తిరుపతి జిల్లాల బళ్లలో ఈ మాట చెవిన పడని దళిత టీచరు ఉంటాడా? నేను ఇరవయ్యేళ్లుగా వింటూనే ఉండా.

పాఠం మధ్యలో పిల్ల చూపు నిలిచిపోతుంది. రెప్పలు టపటపలాడతాయి. పిలిస్తే పలకదు. పది సెకన్లే. మళ్లీ ఏమీ జరగనట్టు రాసుకుంటుంది, కానీ నడుమ రెండు మాటలు పోయుంటాయి. రోజుకు పదులసార్లు ఇట్లా రావచ్చు. కింద పడదు, నురగ రాదు, అందుకే ఇది మూర్ఛ అని ఎవరికీ తోచదు. డాక్టర్లు దీన్ని ఆబ్సెన్స్ సీజర్ అంటారు. చాలామంది పిల్లల్లో మందుకు లొంగుతుంది. పెద్దకులం పిల్లోడు ఇట్లా చూస్తే "ఆస్పత్రిలో చూపించండి" అని ఇంటికి కబురు పోతుంది. మన పిల్లకైతే బెత్తం. అయివార్లారా, ఇది జబ్బుకు కూడా అంటరానితనం అంటగట్టడం కాదా?

ఇంకో నింద ఉంది: "పంది తినేవాళ్లు, ఫిట్సు రాక ఏమొస్తాయి?" సరిగా ఉడకని పందిమాంసంతో పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది, నిజమే. మెదడులో తిత్తి కట్టించేది మాత్రం ఆ పురుగు గుడ్లు. అవి పురుగున్న మనిషి మలంతో బయటికొచ్చి నీళ్లలో, ఆకుకూరల్లో, కడగని చేతుల్లో కలిసి కడుపులోకి పోతాయి. పంది ముట్టని శాకాహారికీ వస్తుంది. పక్కనున్న వేలూరు సీఎంసీ డాక్టర్లు ఈ జబ్బు మీద ఏళ్ల తరబడి పనిచేశారు, వాళ్లనడగండి. తప్పు మన తిండిది కాదు. వాడకు మంచినీళ్లు, మరుగుదొడ్డి, మురుగుకాలవ ఇవ్వనోళ్లది.

మూర్ఛను మొదట పట్టించేది మిషను కాదు, చూసినోళ్ల మాట. ఈఈజీ తీసేటప్పుడు బాగానే ఉన్నా మూర్ఛ లేదని కాదు. ఏ చెయ్యి ముందు కొట్టుకుంది, కళ్లు ఎటు తిరిగాయి, ఎన్ని నిమిషాలు, నాలుక కొరుక్కుందా, తర్వాత నిద్రపోయిందా, ఇవి చెప్పగలిగేది కన్నతల్లే. ఆ కూలితల్లినే ఓపీలో "నీకేం తెలుసు, పక్కకు జరుగు" అంటారు! కార్యకర్తలారా, ఆమె వెంట పోండి. ఫిట్ వచ్చినప్పుడు సెల్‌ఫోన్‌లో తీసి డాక్టరుకు చూపించండి. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు జ్వరంలో వచ్చే ఫిట్సు చాలావరకు మూర్ఛరోగం కాదు. జ్వరం వంటి కారణమేదీ లేకుండా, రోజుకు మించిన ఎడంతో రెండుసార్లు వస్తే మూర్ఛరోగమనే చూస్తారు. పసిబిడ్డ నిద్రలేచి మాటిమాటికీ ముందుకు ముడుచుకుంటుంటే ఉలికిపాటని ఊరుకోవద్దు, వెంటనే రుయాకో స్విమ్స్‌కో తీసకపోండి.

ఇంక చెప్పు సంగతి. మనం కుట్టిన చెప్పుకు గుళ్లో చోటులేదు గానీ, ఫిట్ వస్తే ముక్కుకాడ అదే మందంట! చెప్పూ వద్దు, తాళంచెవీ వద్దు, నోట్లో ఏదీ పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యండి. పెళ్లి కాదని ఆడపిల్ల జబ్బు దాచొద్దు. మూర్ఛను పెళ్లికి అడ్డంగా చెప్పే మాటను 1999లోనే హిందూ వివాహ చట్టంలోంచి తీసేశారు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఫిట్సు కూడా ఉంది. డాక్టర్ల బృందం ఏడాదికోసారి సర్కారు బడికి, రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. బరువు తూచి, పళ్లు చూసి పోతామంటే ఒప్పుకోవద్దు. "ఈ పిల్ల చూపు నిలిచిపోతోంది" అని రాయించండి. మందు మొదలైతే డాక్టరు చెప్పకుండా ఒక్క పూటా ఆపకూడదు, తిరగబెడుతుంది. పీహెచ్‌సీలో మాత్రలు లేవంటే తల్లి ఒక్కతీ కాదు, వాడంతా పోయి, లేవని రాసిమ్మని అడగండి.