కాలేజీ పేరు గోల్ కొట్టదు

ఆటగాణ్ని ఎంచుకునేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న "ఎట్లా ఆడుతవు?" అని. కానీ అందరూ మొదట అడిగేది "ఏ స్కూలు? ఏ కాలేజీ? ఏ అకాడమీ?" అని. ఇది అన్యాయం అని నేనంటున్నాను. కోపంతో అనడం లేదు, లెక్క చెప్పి అంటున్నాను.

ముందు అమెరికా సంగతి చూద్దాం. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం ఆడే ఆట కాదు, బంతిని చేతులతో పట్టుకొని ఉరికే ఆట. ప్రతి ఏడాది అక్కడి పెద్ద లీగ్ జట్లు కాలేజీ కుర్రాళ్లను వంతుల వారీగా ఏరుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. పేరున్న కాలేజీల మ్యాచులు టీవీల్లో వస్తాయి, ఎంపిక చేసేవాళ్ల కళ్లు అటే ఉంటాయి. కర్ట్ వార్నర్ అనే ఆయన అంత పేరు లేని నార్తర్న్ అయోవా నుంచి వచ్చాడు. 1994 డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టు కూడా ఆయన్ను తీసుకోలేదు. కిరాణా దుకాణంలో రాత్రిపూట సామాన్లు సర్దాడు. అదే మనిషి 2000 జనవరిలో తన జట్టుకు సూపర్ బౌల్ గెలిపించాడు. మరి అంతమంది నిపుణులు అప్పుడు ఏం చూసినట్టు?

మన దేశంలో కూడా డ్రాఫ్ట్ జరిగింది. 2014లో ఐఎస్ఎల్ మొదలైనప్పుడు దేశీయ ఆటగాళ్లను క్లబ్బులు డ్రాఫ్ట్‌లోనే పంచుకున్నాయి. మంచి అకాడమీలు ఉండటం తప్పు కాదు. జంషెడ్‌పూర్‌లో 1987లో పెట్టిన టాటా ఫుట్‌బాల్ అకాడమీ దేశానికి ఎందరో ఆటగాళ్లను ఇచ్చింది. కానీ అకాడమీ దాకా పోవాలన్నా ముందు ఎవరో ఒకరు మనల్ని చూడాలి కదా!

ఇంత దూరం ఎందుకు, మన విదర్భనే చూడండి. ఉమేశ్ యాదవ్ తండ్రి నాగపూర్ దగ్గర వల్ని బొగ్గు గనిలో కార్మికుడు. ఉమేశ్ కాలేజీ జట్టులో ఆడదామని పోతే, ఏ క్లబ్బుకూ ఆడలేదు గదా అని వద్దన్నారు. క్లబ్బు లేదని కాలేజీ వద్దంటే, కాలేజీ లేదని ఇంకొకరు వద్దంటే, పోరడు ఎక్కడికి పోవాలి? 2008లో ఆయన విదర్భకు రంజీ ఆడాడు, 2011లో భారత్ తరఫున టెస్టు ఆడాడు. గని కార్మికుల పిల్లలం మనం కూడా ఎందరమో ఈ బడిలో ఉన్నాం. ఆయన కథ మనకు బాగా అర్థమైతది.

కొందరు అంటారు: "పెద్ద కాలేజీలో గట్టి పోటీ ఉంటుంది, అక్కడ నెగ్గినోడు నిజంగానే గట్టివాడు. ఎంపిక చేసేవాళ్లకు టైము తక్కువ, పేరు చూస్తే పని సులువు." ఇందులో కొంత నిజం ఉంది. కానీ బడి పేరు చెప్పేది ఆ పిల్లవాడికి ఏం దొరికిందో మాత్రమే: మైదానం, కోచ్, బూట్లు, తిండి. వాడి కాళ్లలో ఏముందో చెప్పదు. ఏమీ లేకుండా ఇంత ఆడినవాడు, అన్నీ ఇస్తే ఎంత ఆడుతడో అని ఎవరూ ఎందుకు ఆలోచించరు?

ఆలోచించినవాళ్లు ఉన్నారు. హైదరాబాద్ రహీం సాబ్ బడిపంతులు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేదింటి పిల్లవాడు తులసీదాస్ బలరాం ఆట చూసి, ఎంపికకు రమ్మన్నాడు. వచ్చేందుకు పైసల్లేవంటే సైకిల్ కిరాయికి తనే ఇచ్చాడు. ఆ బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చిన జట్టులో, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఆడాడు. మన నాగపూర్‌లో హిస్లాప్ కాలేజీ క్రీడా ఉపాధ్యాయుడు విజయ్ బార్సే 2001లో మురికివాడల పిల్లలకు ఫుట్‌బాల్ పోటీలు మొదలుపెట్టాడు. ఏ కాలేజీ అని అడగలేదు, ఆడతారా అని అడిగాడు.

మా సంగతి కూడా చెప్తాను. ఒకసారి ఒక ఎంపికకు మా బడి నుంచి నలుగురం పోయినం. బడి పేరు చెప్పగానే, "తెలుగు మీడియమా? అక్కడ కూడా ఆడతారా?" అని మరాఠీలో నవ్వారు. పది నిమిషాలు కూడా ఆడనివ్వలేదు. మేము ఓడిపోయి ఉంటే బాధ లేకపోను. ఆడకుండానే ఓడించారు.

మిత్రులారా, అడగాల్సినవి మూడే. ఎంపిక రోజు చొక్కా మీద నంబరు ఉండాలి, బడి పేరు జాబితా పూర్తయ్యాకే తెరవాలి. ఎంపికలు చంద్రపూర్‌లోనే కాకుండా ఘుగ్గుస్, బల్లార్‌పూర్, రాజురాలలో కూడా పెట్టాలి, ఎందుకంటే ఒక రోజు కూలి పోగొట్టుకొని పిల్లవాణ్ని వెంట తీసుకుపోవడం అందరి బాపులకు అయ్యే పని కాదు. మూడోది మన పెద్దలకే: ఆటల పీరియడ్‌ను గణితానికి ఇచ్చేయకండి. మనమే ఆడనివ్వకపోతే బయటివాళ్లను ఏమని అడుగుతాం?

బల్లార్‌పూర్ దగ్గర విసాపూర్‌లో పెద్ద క్రీడా సంకుల్ కట్టారు. గేటు పెద్దగా ఉంటే చాలదు. లోపలికి పోయేటోణ్ని పేరు కాదు, ఆట అడగాలి.