బీటు సరే... పేరేదీ?

మూఢాలు వెళ్లి ముహూర్తాలు వచ్చాయంటే మేడ్చల్ రోడ్డులోని ఫంక్షన్ హాళ్లకు ఊపిరి సలపదు. అటు శామీర్‌పేట వైపు రిసార్టులదీ, ఫామ్‌హౌస్‌లదీ అదే సందడి. పెళ్లికి పిలవగానే కుర్రకారు అడిగే మొదటి ప్రశ్న... 'డీజే పెట్టిస్తున్నారా?' అని. గమనించారా? 'డీజే ఎవరు?' అని మాత్రం ఎవరూ అడగరు! మన దగ్గర డీజే అంటే మనిషి కాదు, బండి మీద పేర్చిన స్పీకర్లు.

ఆ స్పీకర్ల వెనకాల ల్యాప్‌టాప్ ముందు ఓ కుర్రాడుంటాడు. జానపదానికి కొత్త దరువు కడతాడు. నిజాం కాలంలో యెమెన్, ఆఫ్రికాల నుంచి వచ్చినవారి మర్ఫా మోతకు ఎలక్ట్రానిక్ డ్రమ్ము కలిపి తీన్‌మార్ ఆడిస్తాడు. పేరు ఎక్కడ వేసుకోవాలో తెలీక పాట మధ్యలోనే అరిపిస్తాడు. పాట ఫోన్ నుంచి ఫోన్‌కి వెళ్లిపోతుంది. పేరు మాత్రం ఎవరికీ పట్టదు.

అమెరికాలోనూ ఒకప్పుడు ఇదే కథ. షికాగోలోని 'వేర్‌హౌస్' క్లబ్బులో 1977 నుంచి ఫ్రాంకీ నకుల్స్ పాటలు వేసేవాడు. ఆ క్లబ్బు పేరులోంచే 'హౌస్' సంగీతం పుట్టిందంటారు. నిమిషానికి సుమారు 120 నుంచి 130 దెబ్బలు... గుండె దడలా ఆగకుండా మోగే డ్రమ్ము దాని ప్రాణం. డెట్రాయిట్ శివార్లలోని బెల్‌విల్ అనే చిన్న ఊళ్లో చదువుకున్న ముగ్గురు స్నేహితులు హువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ ఇలాంటి సంగీతాన్నే తమ పద్ధతిలో కట్టారు. సొంతూళ్లో పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు.

1988లో నీల్ రష్టన్ అనే బ్రిటిష్ వ్యక్తి వాళ్ల పాటలను, వాళ్లలాంటి మరికొందరు కొత్తవాళ్ల పాటలను కలిపి ఒకే ఆల్బమ్‌గా తెచ్చాడు. మొదట దానికి 'డెట్రాయిట్ హౌస్' అన్న అర్థం వచ్చేలా పేరు పెడదామనుకున్నారు. చివరికి ఆట్కిన్స్ పాట పేరులోని 'టెక్నో' అట్టమీదికెక్కింది. అంతే... ఆ సంగీతానికే ఆ పేరు స్థిరపడింది. అందులోని సాండర్సన్ పాట 'బిగ్ ఫన్' బ్రిటన్‌లో హిట్టయింది. విడివిడిగా ఉంటే ఎవరో కుర్రాళ్లు, ఒక్క అట్టలో చేరితే ఓ ఊరి సంగీతం!

ఆ తోడు దొరక్కపోతే ఏమవుతుంది? ముంబయి సినిమా వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్‌నే చూడండి. 1982లోనే డ్రమ్ము యంత్రాలు, సింథసైజర్లతో పది రాగాలను డిస్కో దరువులో వాయించి రికార్డు చేశాడు. కొన్నవాళ్లు తక్కువే. 2010లో ఓ డచ్ సేకర్త మళ్లీ విడుదల చేశాకే ప్రపంచం ముక్కున వేలేసుకుంది. పేరు రావడానికి 28 ఏళ్లు!

మన దగ్గర ఇంకో చిక్కుంది. పక్కింటి పెద్దాయన నిద్ర పాడైతే కోపం డీజే మీదే. తప్పు లేదు, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 నాటి నిబంధనలే చెబుతున్నాయి. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు కూడా. కానీ ఆ గొడవంతా పెట్టెలది. పాట కట్టినవాడిది వేరే పని. దానికి ఓ కంప్యూటర్, చెవులకు హెడ్‌ఫోన్స్ చాలు.

అయితే కుర్రాళ్లూ ఓ మెట్టు ఎక్కాలి. ఇంకొకరి పాటకు అనుమతి లేకుండా బీటు తగిలిస్తే అది అరువు సొమ్మే. అసలు పాడిన జానపద కళాకారుడి పేరూ అక్కడ మాయమవుతుంది. సొంతంగా కట్టిన బాణీకైతే రిజిస్ట్రేషన్ లేకపోయినా చట్టం హక్కు ఇస్తుంది. అలాంటివి ఓ పది పాటలు, పది పేర్లు ఒక్కచోట చేరిస్తే... మేడ్చల్, శామీర్‌పేటలకూ ఓ అట్ట దొరుకుతుంది.

అందాకా మనం చేయగలిగింది చిన్నదే. ఈసారి బారాత్‌లో కాళ్లు ఆగకపోతే, ఆట అయ్యాక ఆ కుర్రాడి దగ్గరికెళ్లి అడగండి...

'బాబూ, ఈ బీటు కట్టిందెవరు?'