చదువుకి వెళ్ళే పిల్లాడు – గాజుతొట్టిలో తాబేలు

జూన్ నెల దాటిందంటే మన ఇళ్ళల్లో అటకల మీది సూట్‌కేసులు కిందికి దిగుతాయి. కొత్త దుప్పట్లు, ఆవకాయ సీసాలు, కందిపొడి, సున్నుండల డబ్బా, సర్టిఫికెట్ల జిరాక్సులు... దూరాన కాలేజీలో చేరే పిల్లలకి ఏమేం సర్దాలో అమ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. అయితే ఈమధ్య కొన్ని ఇళ్ళల్లో ఏ సూట్‌కేసులోనూ పట్టని ప్రాణి ఒకటి గాజుతొట్టిలోంచి మెడ సాచి చూస్తూ ఉంటుంది. అదేనండీ, తాబేలు!

పిల్లాడు ఆరో తరగతిలోనో ఏడులోనో ఉండగా ముచ్చటపడితే కొనిపెట్టి ఉంటారు. అప్పుడది రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దది, అంతే. "ఇది ఇంతేనండీ, పెరగదు" అని చెప్పి మరీ అమ్ముతారు. ఇంజనీరింగ్ సీటు వచ్చేసరికి అది టిఫిన్ ప్లేటంత అవుతుంది. పిల్లాడేమో నాతో తీసుకెళ్తానంటాడు. వాళ్ళ నాన్నేమో చెరువులో వదిలేస్తే పుణ్యమంటారు. మధ్యలో నీళ్ళు మార్చేది మనం! అందుకే ఈ వారం ఈ సంగతి మాట్లాడుకుందాం.

ముందు అది ఏ తాబేలో చూడండి

కళ్ళ వెనకాల ఎర్రటి చార ఉంటే అది అమెరికా తాబేలు. రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. మిసిసిపీ నది ప్రాంతం దాని పుట్టిల్లు. ఆడది పది, పదకొండు అంగుళాల దాకా పెరుగుతుంది. సరిగ్గా చూసుకుంటే ఇరవై, ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది. అంటే ఇది నాలుగేళ్ళ చదువుతో తేలే వ్యవహారం కాదు. వాడి ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు అన్నీ చూస్తుంది.

నల్లటి చిప్ప మీద పసుపు రంగు గీతలు నక్షత్రాల్లా ఉంటే మాత్రం జాగ్రత్త. అది మన మెట్టప్రాంతాల్లో ఉండే నక్షత్ర తాబేలు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. దానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఈ తాబేలు ఒకటో షెడ్యూలులో ఉంది. అంటే పులికున్నంత రక్షణ అన్నమాట. ఇంట్లో పెంచినా, అమ్మినా, సంచిలో పెట్టి రైలెక్కినా నేరమే. "వాస్తుకి మంచిదని ఎవరో ఇచ్చారండీ" అంటే ఎవరూ వినరు. చదువుకోబోయే పిల్లాడి చేతికి దాన్ని ఇచ్చి పంపి కేసులో ఇరికించకండి. అటవీశాఖ వారికి అప్పగించడమే దారి. మన చెరువుల్లో, కాలువల్లో దొరికే తాబేళ్ళ సంగతీ అంతే.

కొందరు పిల్లలు ఇగ్వానాలు, బాల్ పైథాన్ అనే పాములు కూడా పెంచుతున్నారు. వీటికి ప్రభుత్వం వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఏ ప్రాణి అయినా సరే, ఊరు మార్చే ముందు అటవీశాఖ ఆఫీసులో ఓ మాట అడిగి, కాగితాలుంటే వాటి కాపీలు పిల్లాడి ఫైల్లో పెట్టండి.

వెళ్ళే చోట చోటుందా?

హాస్టల్ వారిని నోటిమాటగా కాదు, కాగితం మీద అడగండి. చాలాచోట్ల ఒప్పుకోరు. దొంగతనంగా మంచం కింద పెట్టుకుంటానంటే అసలు వద్దు. తొట్టికి వడపోత మోటారు ఉండాలి, వెచ్చటి దీపం ఉండాలి, యూవీబీ లైటు ఉండాలి. మంచం కింద చీకట్లో తాబేలుకి చిప్ప మెత్తబడి వంకరపోతుంది.

గది అద్దెకి తీసుకున్నా, సంక్రాంతికి వాడు ఇంటికొస్తే దానికి తిండి ఎవరు పెడతారు? పరీక్షలప్పుడు నీళ్ళెవరు మారుస్తారు? ఇవన్నీ ముందే తేల్చుకోవాలి. సెలవు వచ్చినప్పుడల్లా దాన్ని అటూ ఇటూ తిప్పడం మంచిది కాదు.

ఇంట్లో ఉంచాలంటే అదీ మాట్లాడుకునే ఉంచాలి. ఎవరూ అడగకుండా అమ్మ నెత్తిన పడే పనుల్లో ఇదొకటి కదండీ! మావాడు మొదటి ఏడాది హాస్టల్లో చేరినప్పుడు తాబేలు మా దగ్గరే ఉంది. బక్కెట్లు మోసేది వాళ్ళ నాన్న, తిండి పెట్టేది నేను, ఖర్చు వాడి పాకెట్ మనీలోంచి, సెలవుల్లో తొట్టి కడిగేది వాడు. ఈ ఒప్పందం కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం. నవ్వకండి, అది లేకపోతే రెండో వారానికే నా నడుం పట్టేసేది.

రెండో ఏడాది స్నేహితులతో కలిసి హైదరాబాదులో గది తీసుకున్నాక తాబేలుని కూడా తీసుకెళ్ళాం. విశాఖ నుంచి ఆరువందల కిలోమీటర్ల పైమాటే. రాత్రి కారులో బయల్దేరాం. అప్పుడు పాటించిన పద్ధతి ఇది.

ప్రయాణం ఇలా

తాబేలు ఒంట్లో వేడి మనలాగా లోపల్నించి పుట్టదు. చుట్టూ ఎంత వేడి ఉంటే దానికీ అంతే. ఒళ్ళు చల్లబడితే తిన్నది అరగదు. అందుకని బయల్దేరడానికి రెండు రోజుల ముందే తిండి ఆపెయ్యండి. పెద్ద తాబేలుకి దానివల్ల ఏమీ కాదు. డబ్బా కూడా పాడవదు.

నీళ్ళలో ఉండే ప్రాణి కదా అని బక్కెట్లో నీళ్ళు పోసి తీసుకెళ్ళద్దు. కుదుపులకి అది దొర్లుతుంది, గోడలకి కొట్టుకుంటుంది. మూతున్న గట్టి ప్లాస్టిక్ డబ్బాకి పక్కల గాలి కంతలు పెట్టి, అడుగున తడిపి పిండిన పాత తువ్వాలు పరవండి. డబ్బా అది తిరగడానికి సరిపడా ఉంటే చాలు. మరీ పెద్దదైతే బోర్లా పడుతుంది. లోపల చీకటిగా ఉంటే కుదురుగా ఉంటుంది. మూడు నాలుగు గంటలకోసారి గుడ్డ తడిపితే ఒకరోజు ప్రయాణం తట్టుకుంటుంది.

ఏసీ గాలి సూటిగా తగలనివ్వద్దు. లోపల ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిది డిగ్రీలుంటే హాయి. పగలైతే, కారు ఎండలో ఆపి అద్దాలు మూసి టీ తాగడానికి వెళ్ళకండి. కాసేపట్లోనే లోపల పొయ్యి మీద మూకుడే! రైల్లోనో విమానంలోనో అయితే, టిక్కెట్టు కొనక ముందే రైల్వే పార్సిల్ ఆఫీసులో, విమాన సంస్థలో అడగండి. కుక్కకి, పిల్లికి ఉన్న నిబంధన దీనికీ ఉంటుందనుకోవద్దు.

తొట్టి ఖాళీ చేసి, లోపలి రాళ్ళు వేరే సంచిలో వేసి, గాజుకి దుప్పటి చుట్టండి. వీలుంటే తొట్టి ఒకరోజు ముందే అక్కడికి చేర్చి సిద్ధం చెయ్యడం మేలు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ పోవడానికి బక్కెట్లలో పట్టి ఒకరోజు ఉంచండి, లేదా అక్వేరియం షాపుల్లో దొరికే మందు చుక్కలు వెయ్యండి. చేరగానే తిండి పెట్టద్దు, మర్నాడు కొద్దిగా చాలు. కొత్తచోట రెండు మూడు రోజులు ముట్టకపోయినా గాభరా పడద్దు. వారం దాటినా తినకపోయినా, కళ్ళు వాచినా, ముక్కులోంచి బుడగలొచ్చినా పశువుల డాక్టరుకి చూపించాలి. అలాంటి డాక్టరు ఎక్కడున్నారో వెళ్ళకముందే కనుక్కోండి.

వంటింటి మాట

తాబేళ్ళ ఒంటి మీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటుంది. దానికేం చెయ్యదు గానీ మనకి విరేచనాలు, జ్వరం తెప్పిస్తుంది. చిన్నపిల్లలకి మరీ ప్రమాదం. ఆ కారణంగానే అమెరికాలో 1975 నుంచి నాలుగంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకం నిషేధించారు. తొట్టి సామాన్లు అంట్లు తోమే సింకులో కడక్కూడదు. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నలుగురు కుర్రాళ్ళు ఒకే వంటగది వాడుకునే చోట ఈ మాట గోడ మీద రాసిపెట్టినా తప్పులేదు.

చెరువులో మాత్రం వద్దు

కూర్మావతారమని దణ్ణం పెట్టి కోనేట్లో వదిలేవాళ్ళు ఉన్నారు. అందులో పుణ్యమేమీ లేదండీ. ప్రపంచంలో పరాయి నేలకి చేరి అక్కడి జీవాలకి హాని చేసే నూరు జాతుల జాబితాలో ఈ ఎర్రచెవి తాబేలు కూడా ఉంది. చేపల్ని, కప్పల్ని తింటుంది. ఎండ కాచుకునే రాళ్ళ మీదనించి మన తాబేళ్ళని తరిమేస్తుంది, జబ్బులు అంటిస్తుంది. మనం ఒక్కటే వదిలామనుకుంటాం, ఊళ్ళో అందరూ అలాగే అనుకుంటారు.

పెంచడం కుదరకపోతే, పెద్ద తొట్టి ఉన్న మంచి ఇల్లు వెతకండి. పశువుల డాక్టర్లనీ, జంతు సంరక్షణ సంస్థలనీ అడగండి. సీటు వచ్చాక కాదు, ఇంటర్ రెండో సంవత్సరంలోనే మొదలుపెట్టండి. నెలలు పడుతుంది.

ఇంకా చిన్నపిల్లలున్న తల్లులకి ఒక మాట. షాపులో రూపాయి బిళ్ళంత తాబేలుని చూసి మీ వాడు చెయ్యి పట్టుకుని లాగితే, వాడి వయసుకి ముప్ఫై కలిపి లెక్క చూసుకోండి. ఆ లెక్కకి ఇంట్లో అందరూ ఒప్పుకుంటే అప్పుడు పర్సు తియ్యండి. మీ ఇళ్ళల్లో ఇలాంటి ప్రాణులతో దూరప్రయాణం చేసినవాళ్ళుంటే మీ పద్ధతి నాకు రాయండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.